స్కార్‌బెక్‌లో ఒక్క గోలు

క్లైవ్ హాలమ్ ముప్పయ్యొక్కేళ్లలో ఆరువందల పన్నెండు ఫుట్‌బాల్ మైదానాలు చూశాడు. వాటిలో టీవీలో కనిపించేవి ఇరవైకి మించవు. మిగతావన్నీ ఫ్యాక్టరీ గోడల వెనకో, గొర్రెల దొడ్ల పక్కనో, శ్మశానాల అంచునో ఉండేవే. నూట యాభై మంది వస్తే జనం విరగబడ్డారని చెప్పుకునే క్లబ్బులవి. అక్కడ గోల్‌కీపరు వారమంతా గ్యాస్ పొయ్యిలు బాగుచేసి శనివారం మాత్రం బంతులు పడతాడు. "మీది ఏ జట్టు?" అని ఎవరైనా అడిగితే "ఏదీ కాదు" అనేవాడు క్లైవ్. అతనికి జట్టు లేదు. మైదానం చూడాలి, చూశాక ఇంకోటి చూడాలి, అంతే.

ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఇంగ్లండులో వేలమంది ఉన్నారు. వాళ్లలో ఎవరి నియమాలు వాళ్లవి. తొంభై నిమిషాలూ కూర్చుంటేనే మైదానం చూసినట్టని కొందరంటారు. గోలు స్తంభాన్ని చేత్తో తాకాలని కొందరు. క్లైవ్ స్నేహితుడు డెరెక్ అయితే పది నిమిషాలు నిలబడి, కారెక్కి పక్క ఊరికి పోయి, ఒక్క శనివారంలోనే మూడు మైదానాలు రాసేసుకునేవాడు. "అది చూడటం కాదురా, వాసన చూడటం" అనేవాడు క్లైవ్.

క్లైవ్ నియమం ఒక్కటే. ఆ మైదానంలో తన రెండు కళ్లతో ఒక్క గోలైనా చూడాలి. ఎవరు ఎవరికి కొట్టినా ఫరవాలేదు. గోలు పడకపోతే ఆ మైదానం చూసినట్టు కాదు. తూనికలూ కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి అతను. మాంసం కొట్టు త్రాసులో చిటికెడు తేడా వచ్చినా ఒప్పుకోనివాడు, తన విషయానికి వచ్చేసరికి ఎలా ఒప్పుకుంటాడు?

ఆ నియమమే అతన్ని స్కార్‌బెక్‌లో పట్టుకుంది.

స్కార్‌బెక్ టౌన్ యార్క్‌షైర్ కొండల్లో ఓ చిన్న క్లబ్బు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆట సున్నా-సున్నా. రెండోసారి మంచు దిగి, ఎవరి కాలు ఎవరిదో తెలియక, గంటసేపాడాక రిఫరీ ఆట ఆపేశాడు. మూడోసారి మళ్లీ సున్నా-సున్నా. ఆ రోజు రెండు జట్లూ చెరో పెనాల్టీ బయటికి తన్నుకున్నాయి. నాలుగోసారి వాన, బురద, సున్నా-సున్నా. స్టోక్‌లో ఉన్న తన ఇంటి నుంచి ఆ కొండ ఎక్కి రావడానికి రెండు గంటలు పడుతుంది. క్లైవ్ నోటు పుస్తకంలో స్కార్‌బెక్ పేరు పక్కన టిక్కు పెట్టాల్సిన గడి ఖాళీగా ఉండిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా అతనికి పళ్ల సందులో ఏదో ఇరుక్కున్నట్టుండేది.

ఏప్రిల్ చివర్లో ఒక మంగళవారం ఇంట్లో ఫోను మోగింది. అతని భార్య జానిస్ ఎత్తింది.

"క్లైవ్ ఉన్నాడా బంగారూ?" అంది అవతలి ఆడగొంతు.

"నేను వాళ్లావిణ్ణి. మీరెవరు?"

"నా పేరు పాలీన్. స్కార్‌బెక్ నుంచి మాట్లాడుతున్నా. మీ ఆయన మా దగ్గరికి నాలుగుసార్లొచ్చాడు. వచ్చినప్పుడల్లా మాకు భలే కలిసొచ్చింది. ఈ శనివారం ఎలాగైనా పంపించాలమ్మా. ఆయన రాకపోతే మా బతుకు బస్టాండే."

జానిస్ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి లోపలికి కేకేసింది. "క్లైవ్! స్కార్‌బెక్‌లో ఎవరో ఆవిడకి నువ్వు లేకపోతే గడవడం లేదట. వచ్చి మాట్లాడు. ఈలోగా నీ పెట్టె సర్దుతా."

పాలీన్ ఆ క్లబ్బు కార్యదర్శి. టీ కొట్టు నడిపేదీ, ఆటగాళ్ల బట్టలుతికేదీ కూడా ఆవిడే. పాత ప్రోగ్రాం పుస్తకమొకటి కావాలని క్లైవ్ ఎప్పుడో రాసిన ఉత్తరంలోంచి ఈ నంబరు సంపాదించింది.

"చూడు బంగారూ," అందావిడ, "ఈ ఏడు మేం ఆటకి నాలుగు గోల్సు చొప్పున తిన్నాం. నువ్వు, అదే ఆ ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, గ్యాలరీలో కూర్చున్న రోజుల్లో మాత్రం ఒక్కటీ పడలేదు. ఒక్కటంటే ఒక్కటి. నేను కూర్చుని అన్నీ తిరగేశాను. శనివారం ఆఖరాట. వెక్స్‌లీ రోవర్స్ వస్తున్నారు. ఓడితే కింది లీగులోకి పోతాం. డ్రా చేసుకుంటే బతికిపోతాం. నీకు టికెట్టు అక్కర్లేదు, మాంసం కూరిన మీట్ పై, బఠానీలు, టీ ఎంత తాగితే అంత."

 క్లైవ్ వస్తున్నది గోలు చూడటానికన్న సంగతి ఆవిడకి తెలియదు. చెప్పేయాలని నోటి దాకా వచ్చింది. కానీ వెక్స్‌లీ రోవర్స్ ఆ ఏడు తొంభై ఆరు గోల్సు కొట్టారు. అలాంటివాళ్లు స్కార్‌బెక్ మీద ఒక్కటి కొట్టకుండా పోతారా?

"తప్పకుండా వస్తాను" అన్నాడు. ఫోను పెట్టేశాక చెవులు వేడెక్కినట్టనిపించింది.

"శనివారం ఎలైన్ వాళ్ల పెళ్లిరోజు భోజనం" అంది జానిస్.

ఎలైన్ జానిస్ చెల్లెలు. క్లైవ్ ఆ మాటే మరిచిపోయాడు. "అయ్యో" అన్నాడు, కొంచెం ఆలస్యంగా.

జానిస్ చెయ్యి ఊపేసింది. "దాని మొగుడు మళ్లీ తన ఓడ ప్రయాణం ఫోటోలు చూపిస్తాడు. పోయినసారి నార్వే దాటేసరికి నాలుగు గంటలు పట్టింది. ఎలైన్‌కి పువ్వులు పంపిద్దాం. నేనూ నీతో వస్తా."

ముప్పయ్యొక్కేళ్లలో ఆవిడ ఒక్క మైదానానికీ వచ్చింది లేదు.

శనివారం స్కార్‌బెక్ గేటు దగ్గర క్లబ్బు అధ్యక్షుడు ఓల్డ్‌రాయిడ్ ఎదురొచ్చాడు. ఊళ్లో కుళాయిలూ పైపులూ బిగించే మేస్త్రీ ఆయన. తలుపంత మనిషి. క్లైవ్ చేతిని తన రెండు చేతుల్లోనూ వేసుకుని నలిపేశాడు.

"టోపీ తెచ్చావా?"

"తెచ్చానండీ."

"పెట్టుకో మరి! చేత్తో పట్టుకుంటే ఏం లాభం?"

గ్యాలరీ నడిమధ్యలో క్లబ్బు గదిలోంచి తెచ్చిన మెత్తటి కుర్చీ వేశారు. క్లైవ్‌ని అందులో కూర్చోబెట్టారు. ముసలాళ్లు ఒక్కొక్కరే వచ్చి టోపీని వేలితో తాకిపోయారు. ఒకాయన తన కుక్కచేత కూడా తాకించాడు. ఇదంతా చూసి జానిస్ నవ్వాపుకోలేక టీ కొట్టు వైపు వెళ్లిపోయింది.

స్కార్‌బెక్ మైదానం ఒక మూలనుంచి ఇంకో మూలకి దిగువగా వాలి ఉంటుంది. పల్లం వైపు తన్నిన బంతి కంచె దాటి వాగులో పడితే, వల పట్టుకున్న ఒకాయన పోయి తీసుకొస్తాడు. మొదటి సగంలో ఆయన ఐదుసార్లు పోయొచ్చాడు. వెక్స్‌లీ వాళ్లు అడపాదడపా కాదు, ఆగకుండా మీదపడుతున్నారు. వాళ్లు గోలు దగ్గరికొచ్చిన ప్రతిసారీ క్లైవ్ కుర్చీలోంచి జానెడు లేచాడు. బంతి పక్కకి పోగానే ఉసూరుమని కూర్చున్నాడు.

"చూడండ్రా, మనకోసం ఎంత అల్లాడిపోతున్నాడో! ఊరివాళ్లకే లేదు ఈ బాధ" అన్నాడు ఓల్డ్‌రాయిడ్ పక్కవాళ్లతో, కళ్లు తుడుచుకుంటూ.

క్లైవ్ బూట్ల వైపు చూసుకున్నాడు.

సగం ఆట అయ్యేసరికి సున్నా-సున్నా. టీ కొట్టు దగ్గర పాలీన్, జానిస్ ఎప్పటినుంచో ఒక వీధి వాళ్లలా కబుర్లలో పడిపోయారు. పాలీన్ నాలుగున్నర అడుగుల మనిషి. పెద్ద టీ కెటిల్ వెనక నిలబడితే తల మాత్రమే కనిపిస్తుంది.

"మీ ఆయన దేవుడమ్మా. ఎక్కణ్ణించో మాకోసం వచ్చి కూర్చున్నాడు" అంది పాలీన్.

"దేవుడేమో గానీ, పాపం ఈసారైనా చూస్తే బాగుండు" అంది జానిస్, బఠానీల్లో వెనిగర్ పోసుకుంటూ. "గోలు పడనిదే ఆయన పుస్తకంలో టిక్కు పెట్టడు. మీ ఊరికోసం ఇది ఐదోసారి. ఇంట్లో కూర్చుని ఆ పుస్తకం తెరిచి నిట్టూరుస్తాడు, చూడలేక చస్తున్నా."

పాలీన్ చేతిలో గరిటె ఆగిపోయింది. "గోలా? ఎవరి గోలు?"

"ఎవరిదైతే ఏముంది. ఆయనకి ఏదైనా ఒకటే."

పాలీన్ కెటిల్ వదిలేసి గ్యాలరీ మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. ఆవిడ నోట్లోంచి 'బంగారూ' ఎగిరిపోయింది.

"హాలమ్ గారూ," అంది, "మీరు ఇక్కడికి ఎందుకొచ్చారో ఒక్కసారి చెబుతారా?"

క్లైవ్ జీవితంలో ఎప్పుడూ తప్పుడు తూకం వేసినవాడు కాదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఓల్డ్‌రాయిడ్ మొహం చుక్కల్లేని ఆకాశంలా అయిపోయింది.

"అంటే ఇందాక కుర్చీలోంచి లేచిందంతా..."

"ఆశతోనండీ" అన్నాడు క్లైవ్ నెమ్మదిగా.

"వెక్స్‌లీ వాళ్లు కొడతారన్న ఆశతో! మా కుర్చీలో కూర్చుని! మా మీట్ పై తింటూ!"

"మీవాళ్లు కొట్టినా నాకు సంతోషమే."

"మావాళ్లు ఈ ఏడంతా కొట్టింది పద్నాలుగు! అందులో మూడు ఎదుటివాళ్లు పొరపాటున వాళ్ల గోల్లోనే వాళ్లు వేసుకున్నవి!"

అప్పటికప్పుడు గెంటేద్దామన్నాడు ఓల్డ్‌రాయిడ్. పాలీన్ వద్దంది. మనసులో ఏమున్నా సరే, టోపీ కూర్చున్నంతసేపూ గోలు పడలేదన్నది ఆవిడ లెక్క. చివరికి క్లైవ్‌కి కుడిపక్క ఓల్డ్‌రాయిడ్, ఎడంపక్క పాలీన్ కూర్చోవాలని తేలింది.

"కదలకూడదు," అంది పాలీన్. "లేవకూడదు. మనసులో కూడా అనుకోకూడదు."

"మనసులో అనుకుంటే మీకెలా తెలుస్తుంది?"

"నాకు ముగ్గురు కొడుకులు హాలమ్ గారూ. నాకు తెలుస్తుంది."

రెండో సగం మొదలైంది. స్కార్‌బెక్ గోల్‌కీపరుకి నలభై దాటాయి. మోకాళ్లకి రెండు రంగుల పట్టీలు వేసుకున్నాడు. వెనక కాపు కాసే లావుపాటి కుర్రాడికి నుదురు చిట్లింది. గుడ్డ చుట్టించుకుని మళ్లీ వచ్చి నిలబడ్డాడు. కాసేపటికి ఆ గుడ్డ జారి ఒక కన్ను కప్పేసింది. రెండో కంటితోనే చూస్తూ బంతికి తల అడ్డం పెట్టాడు. క్లైవ్ ఇలాంటివి వందల ఆటల్లో చూశాడు. అయితే ఎప్పుడూ గోలు పడిందా లేదా అన్నదే చూశాడు గానీ, దాన్ని ఆపినవాడి మొహం చూడలేదు.

డెబ్బయ్యో నిమిషంలో వెక్స్‌లీ వాడు కొట్టిన బంతి స్తంభానికి తగిలి బయటికి పోయింది. క్లైవ్ గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత తన ఊపిరిని తానే అనుమానించాడు. హమ్మయ్య అనుకున్నది తనేనా?

పాలీన్ అతని మొహంలోకి తొంగి చూసింది. తన ఫ్లాస్కులోంచి కప్పులో టీ పోసి ఇచ్చింది.

ఎనభై ఎనిమిదో నిమిషంలో రిఫరీ ఈల వేశాడు. వెక్స్‌లీకి పెనాల్టీ. గ్యాలరీ అంతా ఆకుపచ్చ టోపీ వైపు తిరిగింది.

"కళ్లు మూసుకో!" అని అరిచాడు ఓల్డ్‌రాయిడ్. "నువ్వు చూస్తే పడుతుంది. నువ్వు కోరుకున్నది అదేగా!"

"మూసుకోనివ్వకండి!" అని అరిచింది పాలీన్. "ఆయన చూస్తున్నప్పుడు ఇక్కడ ఎప్పుడైనా పడిందా? తెరవండి హాలమ్ గారూ, బాగా తెరవండి!"

"మూసుకో!"

"తెరవండి!"

క్లైవ్ ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచాడు. అది ఎవరికీ నచ్చలేదు. చివరికి పాలీన్ వైపు మొగ్గి రెండూ తెరిచాడు. పడకూడదు, పడకూడదు, పడకూడదు అనుకున్నాడు. పడింది. గోల్‌కీపరు కుడివైపుకి దూకాడు, బంతి ఎడంవైపుకి పోయింది.

అప్పుడు జరిగినదానికి క్లైవ్ తనని తాను చాలాకాలం క్షమించుకోలేదు. అతని మనసు కుంగిపోయి ఉంది, నిజమే. కానీ ముప్పయ్యొక్కేళ్ల అలవాటున్న చెయ్యి మనసుని అడగలేదు. తనంతట తానే కోటు జేబులోకి పోయింది. నోటు పుస్తకం తీసింది. పెన్సిలుతో స్కార్‌బెక్ పక్కన గడిలో టిక్కు పెట్టేసింది.

తలెత్తేసరికి పాలీన్ ఆ టిక్కునే చూస్తోంది.

"లే" అంది. గారూ లేదు, బంగారూ లేదు.

"పాలీన్, ఇది అలవాటు మీద..."

"లే! బయటికి పో! నీ పని అయిందిగా!"

ఓల్డ్‌రాయిడ్ అతని చంక కింద చెయ్యి వేసి లేపాడు. గ్యాలరీ రెండుగా చీలి దారిచ్చింది. కుక్క కూడా పక్కకి జరిగింది. క్లైవ్ టోపీ తీసి జేబులో కుక్కుకుని మెట్లు దిగాడు. కింద జానిస్ టీ కొట్టు పక్కన నిలబడి ఉంది. చేతిలో అప్పుడే కొన్న మీట్ పై పొగలు కక్కుతోంది.

"పద, పోదాం" అన్నాడు క్లైవ్.

"నన్నేమీ గెంటలేదుగా? ఇది తిని వస్తా. నువ్వు కారు దగ్గర ఉండు."

అతను గేటు దాటాడు. వెనక ఇనుప తలుపు గణేల్‌మని మూసుకుంది. సందులో చెత్తడబ్బాలూ ఖాళీ బీరు పెట్టెలూ తప్ప ఎవరూ లేరు. కారు వైపు నాలుగడుగులు వేశాడు. ఇంకా రెండు మూడు నిమిషాలుంటాయి ఆట. ఆగాడు. ఈ మైదానంతో తనకింక పనిలేదు. టిక్కు పడిపోయింది. అయినా కాళ్లు కదల్లేదు.

లోపల్నుంచి ముందు ఒక మూలుగు వినిపించింది. తర్వాత ఎవరో "తన్నురా, ఎటో ఒకవైపు తన్ను!" అని కేక. ఆ తర్వాత ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. ఆ వెంటనే గోడ వెనక నూట నలభై మంది ఒకే గొంతుతో బద్దలయ్యారు.

అరుపుల్లో ఏది గోలో ఏది కాదో క్లైవ్‌కి చెప్పనక్కర్లేదు. పరిగెత్తుకుంటూ వచ్చి ఇనుప తలుపు మీద రెండు చేతులతో బాదాడు. "ఎవరు కొట్టారు? ఏమండీ! ఎవరు కొట్టారు?" టికెట్లు ఇచ్చేవాడు ఎప్పుడో లోపలికి పోయాడు. బీరు పెట్టె తిరగేసి దాని మీదెక్కాడు. ఆకాశం కనిపించింది. ఇంకో పెట్టె వేసి ఎక్కాడు. ఎగురుతున్న టోపీలూ ఒక కుక్కా కనిపించాయి. మూడోదాని కోసం కాలు దించబోతుంటే రిఫరీ చివరి ఈల వినిపించింది. పెట్టెలు జారి, క్లైవ్ చెత్తడబ్బాల మధ్య కూలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. పాలీన్ బయటికి ఉరికింది. కూర్చున్నవాడి మెడ చుట్టూ చేతులు వేసి ఊపేసింది.

"బంగారూ! ఒకటి-ఒకటి! బతికిపోయాం!"

వెనకే వచ్చిన ఓల్డ్‌రాయిడ్ అతన్ని పసిపిల్లాణ్ణి లేపినట్టు లేపి నిలబెట్టాడు. "నువ్వు అడుగు బయటపెట్టావో లేదో కొట్టేశాం. నిన్ను పొద్దున్నే గెంటేసి ఉంటే మూడు కొట్టేవాళ్లం!"

"గోలు ఎలా పడింది?" అని అడిగాడు క్లైవ్.

ఒకాయన ఇరవై గజాల నుంచి కొట్టాడన్నాడు. ఇంకొకాయన ఇరవై కాదు ముప్ఫై అన్నాడు. పాలీన్ ఆ సమయంలో ఆప్రాన్‌లో మొహం దాచుకుని ఉందట. ఓల్డ్‌రాయిడ్ ఏడుస్తూ చెప్పడంవల్ల ఆయన మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. అందరూ కలిసి క్లైవ్‌ని లోపలికి లాక్కెళ్లి, బీరు పోసి, మీట్ పై ఇంకోటి పెట్టారు. వచ్చే ఏడు ప్రతి ఆటకీ అతన్ని పిలిచి ఎనభై ఎనిమిదో నిమిషంలో గెంటేయాలని అక్కడికక్కడే తీర్మానం చేశారు. తాను తప్పకుండా వస్తానన్నాడు క్లైవ్. అలా అన్నప్పుడు ఇంకా చూడాల్సిన మైదానాల సంగతి అతనికి గుర్తే లేదు.

తిరుగుదారిలో క్లైవ్ మొహం వేలాడేసుకుని కారు నడిపాడు.

"ఏమైంది? టిక్కు పెట్టావుగా" అంది జానిస్.

"పెట్టాను."

"మరి ఆ మొహమేంటి?"

"ఆ రెండోది... నువ్వు చూశావా?"

"చూడక? నా ముందే పడింది. ఆ తలకి గుడ్డ కట్టుకున్న లావుపాటి అబ్బాయి లేడూ, వాడు."

క్లైవ్ కారుని రోడ్డు పక్కకి తీసేంత పని చేశాడు. "వాడా! తలతో కొట్టాడా?"

"తల కాదు. వెనక భాగం."

"వెనక భాగమంటే?"

"కూర్చునేది, క్లైవ్. వాళ్ల జట్టులో పొట్టివాడొకడు మూలనుంచి బంతి తన్నాడు. అందరూ పైకెగిరారు. ఈ అబ్బాయికి గుడ్డ కళ్ల మీద పడింది కదా, ఎటు చూడాలో తెలియక వెనక్కి తిరిగాడు. బంతి వచ్చి అక్కడ తగిలింది. మెల్లగా, చాలా మెల్లగా దొర్లుకుంటూ లోపలికెళ్లింది. పాపం, అందరూ మీదపడి ముద్దులు పెట్టేదాకా వాడికే తెలియదు."

"మళ్లీ చెప్పు."

ఆవిడ మళ్లీ చెప్పింది. ఈసారి గోల్‌కీపరు కూడా ముందుకి పరిగెత్తుకొచ్చాడు. మూడోసారికి బంతి ఒకసారి స్తంభానికి కూడా తగిలింది.

"ఇందాక స్తంభం లేదు కదా?"

"నాకు టీ కావాలి. అది తాగుతూ చెబుతా."

దారిలో లారీవాళ్లు ఆగే హోటలు ఒకటి కనిపిస్తే అందులోకి వెళ్లారు. జానిస్ బల్ల మీద చక్కెర పొట్లాలు పరిచి వెక్స్‌లీ జట్టుని నిలబెట్టింది. ఉప్పుడబ్బా మూలనుంచి తన్నే పొట్టివాడు. టమాటా సాసు సీసా లావుపాటి కుర్రాడు. తన కోటు గుండీ ఒకటి ఊడబోతుంటే దాన్ని పీకి బంతి చేసింది. గుండీని ఉప్పుడబ్బా ముందు పెట్టి, సాసు సీసాని వెనక్కి తిప్పింది.

క్లైవ్ చెయ్యి చాపి సీసాని గోలుకి ఒక్క అంగుళం దగ్గరికి జరిపాడు. "అంత దూరంలో ఉంటే వెళ్లదు. ఇక్కడుండి ఉంటాడు."

జానిస్ అతని చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"చూసింది నువ్వా, నేనా?"

క్లైవ్ సీసాని మళ్లీ అంగుళం వెనక్కి పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.